ఆ ఇంట్లో ఇంకెవరూ లేరు

మా అమ్మ స్నానాల గదిలో జారిపడిన రాత్రి మా తమ్ముడు రేమండ్ ఇంట్లో లేడు. లీక్ మొక్కలకి కాపలా కాస్తూ తోటలో గుడిసెలో పడుకున్నాడు. నవ్వొస్తే నవ్వుకోండి. ఆ ఆగస్టు నెల తర్వాత నాకు మాత్రం ఆ మాట తలచుకుంటే నవ్వు రాదు.

లీక్ అంటే ఉల్లికాడకి పెద్దన్న. కొట్లో దొరికేది బొటనవేలంత ఉంటుంది. మా గనుల ఊళ్ళలో మగవాళ్ళు పెంచితే మోకాలంత లావవుతుంది. గనులు మూతబడి ముప్ఫై ఏళ్ళు దాటినా ఆ పిచ్చి మాత్రం పోలేదు. సెప్టెంబరులో ఊరి క్లబ్బులో, ఎవరిది లావో తేల్చడానికి పోటీ పెడతారు. పోటీ దగ్గరపడేకొద్దీ ఎవడో కడుపుమంటగాడు చీకట్లో గోడ దూకి, మంచి మంచి మొక్కలకి కత్తితో గాటు పెట్టి పోతాడు. ఒక్క గాటు చాలు, ఏడాది చాకిరీ బూడిదలో పోసినట్టే. అందుకని జులై ఆఖరి నుంచీ తోట ఉన్న ప్రతి మగాడూ ఇంట్లో మంచం వదిలేసి గుడిసెలో పడుకుంటాడు. మా నాన్న అలాగే పడుకునేవాడు. మా ఆయన బతికున్నన్నాళ్ళూ అలాగే పడుకున్నాడు. రేమండ్ పెళ్ళాం ఎప్పుడో వదిలేసి పోయింది కాబట్టి వాణ్ణి అడిగేవాళ్ళు కూడా లేరు.

తోట మరీ దూరం కాదు, ఇంటి వెనక సందు దాటితే అదే. రాత్రి అమ్మకి టీ ఇచ్చి, మందులు వేసి, దీపం ఆర్పి వెళ్ళేవాడు. తెల్లారగానే వచ్చి మళ్ళీ టీ పెట్టేవాడు. ఆ రోజు టీ పెట్టడానికి వచ్చి, ముందు అమ్మ మంచం చూశాడు, తర్వాత స్నానాల గది చూశాడు. తుంటి విరిగి చల్లటి నేల మీద పడివుంది. రాత్రంతా అలాగే ఉందో, తెల్లవారుజామున పడిందో ఎవరికీ తెలియదు. అడిగితే అమ్మ తనకీ తెలియదంది.

ఆసుపత్రిలో తుంటి అతికించారు కానీ, అంతకుముందే వదులై ఉన్న అమ్మ మతి అక్కడ పూర్తిగా చెదిరిపోయింది. నన్ను ఎప్పుడో చనిపోయిన తన చెల్లెలి పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టింది. లేపాలంటే ఇద్దరు పట్టుకోవాలి. నాకు అరవై మూడు, రేమండ్‌కి అరవై ఒకటి. నా మోకాళ్ళు మెట్లెక్కనివ్వవు, వాడి నడుము గనిలోనే పోయింది. మేమిద్దరం అమ్మని లేపబోతే ముగ్గురం కలిసి పడటం ఖాయం. ఇక ముసలివాళ్ళని చూసుకునే హోంలో చేర్చక తప్పదన్నారు డాక్టర్లు.

హోం మాట రాగానే డబ్బు మాట వచ్చింది. ఆసుపత్రిలో ఒకావిడ మమ్మల్ని కిటికీ లేని గదిలో కూచోబెట్టి, మెత్తగా అడిగింది.

"ఇల్లు అమ్మగారి పేరు మీదే ఉందాండీ?"

"ఉంది," అన్నాను. "గని కంపెనీ వాళ్ళు అమ్మేస్తుంటే మా నాన్న కొన్నాడు. నాన్న పోయాక అమ్మది."

"అయితే హోం ఖర్చు ముందు ఆ ఇల్లు అమ్మిన సొమ్ములోంచే రావాలండీ. ఇల్లు ఉన్నవాళ్ళకి ఊరి కౌన్సిల్ డబ్బివ్వదు."

వారానికి తొమ్మిది వందల పౌండ్లట. మా వీధిలో ఇల్లు మహా అయితే డెబ్భై వేలు పలుకుతుంది. నాకు లెక్కలు రావు కానీ ఆ లెక్క మాత్రం చెయ్యకుండానే అర్థమైంది. రెండేళ్ళు తిరక్కుండా మా నాన్న జీవితమంతా హోం వాళ్ళ చారులో కరిగిపోతుంది.

అమ్మ పుట్టిందీ పెరిగిందీ కంపెనీ ఇళ్ళలోనే. గనిలో పని పోతే ఇల్లూ పోయేది. సొంత ఇల్లయిన రోజున గడప కడిగి, దాని మీద కూచుని, "ఇంక నన్ను లేవమనేవాడు పుట్టలేదు" అన్న మనిషి. ఆ ఇంట్లోంచి ఇప్పుడు రేమండ్‌ని ఎలా లేపుతాం? వాడు పుట్టిందీ అక్కడే, పెళ్ళి చెడి తిరిగొచ్చిందీ అక్కడికే. వాడికి ఇంకో చూరు లేదు.

రేమండ్ టోపీ చేతుల్లో తిప్పుతూ కూచున్నాడు. ఆసుపత్రి ఆవిడ వాడి వంక చూసింది.

"మీరు కూడా ఆ ఇంట్లోనే ఉంటారా? మీ వయసెంత?"

"అరవై ఒకటి."

"అలాగైతే వేరండీ. అరవై దాటిన బిడ్డ, అమ్మగారు హోంకి వెళ్ళకముందు నుంచే అదే తన ఇల్లుగా అక్కడ ఉంటున్నాడంటే, ఆ ఇంటిని లెక్కలో వెయ్యరు. ఎవరూ ముట్టుకోరు. కౌన్సిల్ నుంచి మనిషి వచ్చి చూసి వెళ్తారు, అంతే."

నాకు ఆవిణ్ణి ముద్దు పెట్టుకోవాలనిపించింది. బయటికొచ్చాక రేమండ్ భుజం మీద ఒక్కటి చరిచాను. "ముసలాడివైనందుకు మొదటిసారి పనికొచ్చావురా," అన్నాను. వాడూ నవ్వాడు. ఆ సాయంత్రం వేయించిన చేపా, బంగాళాదుంపలూ తెచ్చుకుని, అమ్మ వంటింట్లో కూచుని, పండగలా తిన్నాం.

*

కౌన్సిల్ నుంచి వచ్చిన పిల్ల పేరు ఇమోజెన్ అట. మా వీధిలో పిల్లకి ఆ పేరు పెడితే బళ్ళో బతకనివ్వరు. మా దేశంలోనే దక్షిణపు కొస నుంచి వచ్చిన పిల్ల, మాట పట్టుతాడులా ఉంది. మెడలో కార్డు వేలాడుతోంది. చెడ్డదని మాత్రం అనను. బూట్లు గుమ్మం దగ్గర విప్పి మరీ లోపలికొచ్చింది.

టీ పోశాను. అల్లం బిస్కెట్లు పెట్టాను. ఆ పిల్ల కాగితాలు తిరగేసి, తల ఎత్తింది.

"ఇందులో ఒక చిక్కుందండీ. ఈ ఇంట్లో మీ అమ్మగారు ఒక్కరే ఉంటారని మా దగ్గరుంది. పదిహేనేళ్ళుగా ఆవిడే సంతకం పెట్టి చెబుతున్నారు."

ఆ సంగతి మరిచేపోయాను. ఒంటరిగా ఉండేవాళ్ళకి ఇంటి పన్నులో నాలుగో వంతు తగ్గిస్తారు. నాన్న పోయాక అమ్మకి తగ్గించారు. తర్వాత రేమండ్ తిరిగొచ్చినా అమ్మ ఆ ముక్క కౌన్సిల్‌కి చెప్పలేదు. "మీ నాన్న ఊపిరితిత్తుల నిండా బొగ్గు పోశారు, నాలుగు రాళ్ళు తగ్గిస్తే వాళ్ళ సొమ్మేం పోయింది," అనేది. రేమండ్ ఉత్తరాలన్నీ పై వీధిలో నా ఇంటికి వచ్చేలా చేసింది. మా వీధిలో సగం మంది అలాంటి ఒంటరివాళ్ళే. వాళ్ళ ఇళ్ళలో సాయంత్రం తలుపు తడితే వెనక గుమ్మంలోంచి కనీసం ఒక మగాడు మాయమవుతాడు.

"కాగితాల ప్రకారం రేమండ్ గారు మీ ఇంట్లో ఉంటున్నారు కదండీ," అంది ఇమోజెన్ నాతో.

"కాగితాల ప్రకారం," అన్నాను. "మనిషి ప్రకారం ఇక్కడే ఉంటున్నాడు. పక్కింటి వాళ్ళని అడుగు."

"అడుగుతాను. పన్ను సంగతి వేరే వాళ్ళు చూసుకుంటారు, నాకది అనవసరం. ఆయన నిజంగా ఇక్కడ ఉంటున్నారని నాకు నమ్మకం కలిగితే చాలు." రేమండ్ వైపు తిరిగింది. "నిన్న రాత్రి ఎక్కడ పడుకున్నారండీ?"

"గుడిసెలో," అన్నాడు రేమండ్.

బల్ల కింద వాడి కాలు తన్నాను.

"ఏ గుడిసె?"

"తోటలోది. లీకుల దగ్గర."

"అంటే, కూరగాయల దగ్గరా?"

"అవి కూరగాయలు కావండీ," అన్నాడు నొచ్చుకుని. "పోటీ లీకులు."

"మొన్న?"

"గుడిసెలో."

"ఎన్నాళ్ళుగా?"

"అవి లావెక్కడం మొదలెట్టిన దగ్గర్నుంచీ."

మళ్ళీ తన్నాను. ఈసారి గట్టిగా తన్నాను. వాడు నా వైపు చూసి, "ఎందుకే తంతావు?" అన్నాడు. ఏం మనిషండీ వీడు. దేవుడు వీడికి అబద్ధం పెట్టడం మరిచిపోయి, మా ఇంటిల్లిపాది అబద్ధాల వాటా మొత్తం అమ్మకే ఇచ్చాడు.

ఇమోజెన్ గొంతు తగ్గించి అడిగింది. "అమ్మగారు పడిన రాత్రి ఇంట్లో ఎవరున్నారండీ?"

రేమండ్ టీ కప్పు పక్కకి జరిపాడు.

"ఎవరూ లేరు," అన్నాడు.

మేడ మీద వాడి గది చూపించమంది. మోకాళ్ళని తిట్టుకుంటూ నేనూ ఎక్కాను. మంచం మీద దుప్పటి మడత నలగలేదు. దాని మీద విత్తనాల పళ్ళేలూ, పాత వార్తాపత్రికలూ, క్లబ్బు పోటీల్లో గెలిచిన కప్పులూ పేర్చి ఉన్నాయి. అది మనిషి పడుకునే గదిలా లేదు, సామాన్ల కొట్టులా ఉంది. ఇమోజెన్ కిటికీ దగ్గరికెళ్ళి కిందికి చూసింది. అక్కణ్ణుంచి తోటా, తోటలో గుడిసె పొగగొట్టమూ కనిపిస్తాయి.

"చూడండీ," అంది మెట్లు దిగుతూ. "నేను కాదని రాయడం లేదు. కానీ ఇప్పటికైతే అవునని రాయలేను. మళ్ళీ వస్తాను. చెప్పకుండా రావచ్చు."

*

మర్నాడు తోటకి వెళ్ళాను. వర్షానికి బురద. రేమండ్ లీకులకి చల్లటి టీ పోస్తున్నాడు. అందులో బీరు కూడా కలుపుతాడు, ఇంకా ఏవేవో కలుపుతాడు, నాక్కూడా చెప్పడు.

"ఇవాళ్టి నుంచి ఇంట్లో పడుకో," అన్నాను.

"ఇంకా పది రోజులే పోటీకి."

"ఆ పిల్ల పొద్దున్నే వచ్చి చూస్తుంది. నీ మంచం మీద నువ్వుండాలి. కప్పులు కాదు."

"ఈ పది రోజులూ అయిపోతే—"

"ఇల్లు పోతుందిరా వెధవా. ఈ ఉల్లికాడల కోసం ఇల్లు పోతుంది. అమ్మ ఇల్లు. నీకో పైకప్పు లేకుండా పోతుంది. నా వెనక గదిలో పడుకుంటావా చచ్చేదాకా? అమ్మ పడిన రాత్రే నువ్వు బుద్ధి తెచ్చుకోవాల్సింది."

అనకూడని మాట అనేశానని అన్న తర్వాత తెలిసింది. వాడు చేతిలో డబ్బా కింద పెట్టాడు. గుడిసె గుమ్మంలో కూచున్నాడు.

"లీకుల కోసం కాదు గ్లెండా," అన్నాడు. "ఆ ఇంట్లో పడుకోలేకపోతున్నా. పడుకుంటే అమ్మ పడ్డ చప్పుడు వినిపిస్తోంది. నేను వినలేదు కదా ఆ రోజు. అయినా వినిపిస్తోంది. ఇక్కడైతే వినపడదు."

నేనూ వాడి పక్కన కూచున్నాను. వాడి అరచేయి తీసుకుని నా ఒళ్ళో పెట్టుకున్నాను. చిన్నప్పుడు కూడా వాడి చేయి ఎప్పుడూ మట్టిగానే ఉండేది.

ఆ రాత్రి రేమండ్ ఇంట్లో పడుకున్నాడు. కప్పులన్నీ కింద పెట్టి, మంచం సర్ది, దీపం వెయ్యమని నేనే దగ్గరుండి చెప్పాను. అమ్మ గది తలుపు వేసేసి, స్నానాల గది తలుపు కూడా వేసేసి పడుకున్నాడు. రెండో రాత్రీ పడుకున్నాడు. ఇమోజెన్ రాలేదు. మూడో రాత్రి తర్వాత పొద్దున్నే నా ఇంటి తలుపు తట్టాడు. మోకాళ్ళ దాకా బురద, చేతిలో ఒక లీకు. పైనుంచి కిందదాకా నిలువునా చీల్చి ఉంది.

"అన్నీ," అన్నాడు. "ఒక్కటి వదల్లేదు."

ఏడవలేదు. నేనే ఏడ్చాను. ఆ మొక్కల మీద నాకున్న కోపమంతా ఎటు పోయిందో తెలియదు. మా తమ్ముడు అడగక అడగక ఒక్కటి అడిగాడు లోకాన్ని, పది రోజులు తోటలో పడుకోనివ్వమన్నాడు. ఆ ఒక్కటీ నేను లాక్కున్నాను.

అదే మాకు మేలైంది అని చెప్పడానికి సిగ్గుగా ఉంటుంది. క్లబ్బు కార్యదర్శి క్లిఫ్ వాకర్‌షా మా వీధి చివర ఉంటాడు. రేమండ్ లీకులు పోయాయని తెలిసి క్లబ్బు అంతా మండిపడింది. పోలీసుల్ని పిలిచారు. ఊరి పత్రికలో రేమండ్ ఫోటో కూడా పడింది, చీల్చిన లీకు పట్టుకుని, ఎవరో చచ్చినట్టు మొహం పెట్టుకుని. క్లిఫ్ పత్రిక పట్టుకుని ముగ్గురు ముసలాళ్ళని వెంటబెట్టుకుని కౌన్సిల్ ఆఫీసుకి వెళ్ళి, ఇమోజెన్ ముందు నిలబడ్డాడట.

"అమ్మాయ్," అన్నాడట. "ఈ నెల్లో మా ఊళ్ళో ఏ మగాడూ ఇంట్లో పడుకోడు. నేనూ పడుకోను. అంతమాత్రాన నాకు ఇల్లు లేదంటావా? మా ఆవిణ్ణి అడుగు, ఇల్లుందో లేదో చెప్తుంది."

ఆ సాయంత్రం ఇమోజెన్ నాకు ఫోన్ చేసింది. గొంతులో నవ్వుంది.

"నాకు ఇప్పుడు అర్థమైందండీ. క్షమించండి, లీకుల గురించి నాకు నిజంగా తెలియదు. మీ పక్కింటి ఆవిడ కూడా రేమండ్ గారు అక్కడే ఉంటారని రాసిచ్చారు. ఇంక మీ అమ్మగారితో ఒక్కసారి మాట్లాడాలి. అది మామూలు పద్ధతే. ఆవిడ ఇల్లు కదా, ఆవిణ్ణి అడక్కుండా రాయకూడదు. ఆవిడ 'మా అబ్బాయి నాతో ఉంటాడు' అని ఒక్క మాట అంటే చాలు."

"ఆవిడ మతి సరిగ్గా లేదమ్మా."

"తెలుసండీ. అయినా కొడుకు పేరు మరిచిపోరు కదా."

అదీ నిజమే. నన్ను మరిచింది కానీ రేమండ్‌ని మాత్రం రోజూ అడిగేది. అన్నం తిన్నాడా, జలుబు తగ్గిందా, గొడుగు తీసుకెళ్ళాడా అని. చేర్చిన కొద్ది రోజులకే హోం వాళ్ళందరికీ వాడి పేరు కంఠతా వచ్చేసింది.

ఆ రాత్రి రేమండ్‌కి చెప్పాను. వాడు ఖాళీ అయిన లీకుల గుంత పూడ్చి వచ్చాడు అప్పుడే. "అయితే ఇల్లు ఉంటుందా?" అన్నాడు. ఉంటుందిరా అన్నాను. వాడు వెళ్ళి స్నానాల గది తలుపు తెరిచాడు, అమ్మ గది కిటికీలు తెరిచాడు. నేల తుడిచాడు. పడుకునే ముందు ఈలవేశాడు కూడా.

*

హోంలో అమ్మ గది కింది అంతస్తులోనే. నేనూ ఇమోజెనూ వెళ్ళేసరికి కిటికీ దగ్గర కుర్చీలో కూచుని, ఒళ్ళో రుమాలు మడతపెడుతోంది, విప్పుతోంది, మళ్ళీ మడతపెడుతోంది. రేమండ్‌ని రావద్దన్నాను, వాడు ఎదురుగా ఉంటే చెప్పించినట్టు ఉంటుందని.

"ఎవరు, డోరా?" అంది నన్ను చూసి.

"గ్లెండానమ్మా."

"శుక్రవారం ఇంటికెళ్ళిపోతాను. బట్టలు ఉతికి పెట్టారా?"

"పెట్టారమ్మా. చూడు, నీతో మాట్లాడదామని ఈ అమ్మాయి వచ్చింది."

ఇమోజెన్ మోకాళ్ళ మీద కూచుని అమ్మ చేయి పట్టుకుంది. మెడలో కార్డు ముందుకు వేలాడింది. అమ్మ ఆ కార్డు వంక చూసింది. నేను చూస్తుండగానే అమ్మ నడుము నిటారైంది. రుమాలు మడత ఆగిపోయింది. నెలన్నర రోజులుగా ఎటు చూస్తున్నాయో తెలియని కళ్ళు ఒక్కసారి చోటికొచ్చాయి. నాకు భలే సంతోషమైంది. అమ్మ తిరిగొచ్చింది అనుకున్నాను.

"విన్నీ గారూ, నేను కౌన్సిల్ నుంచి వచ్చానండీ. మీ ఇంటి గురించి ఒక్క మాట అడుగుదామని."

"అడుగమ్మా."

"మీ ఇంట్లో మీతో పాటు ఎవరుంటారండీ?"

"ఎవరూ ఉండరు," అంది అమ్మ. "ఆ ఇంట్లో నేను తప్ప ఇంకెవరూ లేరు. మా ఆయన పోయిన దగ్గర్నుంచీ ఒక్కదాన్నే."

"అమ్మా," అన్నాను. "రేమండ్ ఉంటాడు కదా. రేమండ్."

అమ్మ నా వైపు చూసిన చూపు నేను చచ్చేదాకా మరిచిపోలేను. నోరు మూసుకోమన్న చూపు. చిన్నప్పుడు చుట్టాల ముందు ఏదైనా వాగితే చూసేది అలా.

"రేమండ్ వాళ్ళ అక్క దగ్గర ఉంటాడమ్మా," అంది ఇమోజెన్‌తో, తేనె కారుతున్న గొంతుతో. "గ్లెండా అని మా పెద్దమ్మాయి. పై వీధిలో ఉంటుంది. వాడి ఉత్తరాలన్నీ అక్కడికే వస్తాయి. కావాలంటే చూసుకో."

"రేమండ్ గారి మంచం మీ ఇంట్లో ఉంది కదండీ?"

"అది వచ్చేపోయేవాళ్ళ కోసం. ఎవరూ పడుకోరు."

"అమ్మా, ఈ అమ్మాయి మన మంచికే అడుగుతోంది. నిజం చెప్పు, ఏం కాదు."

"నేను అబద్ధాలాడనమ్మా," అంది ఇమోజెన్‌తోనే. "ఏటేటా రాసి ఇస్తూనే ఉన్నాను. ఒక్కదాన్నే. రాసుకో."

ఇమోజెన్ ఇంకోలా అడిగింది. మరోలా అడిగింది. సాయంత్రం అన్నం ఎవరికి వండుతారంది. తన ఒక్కదానికే అంది అమ్మ. రాత్రి మందులెవరిస్తారంది. తనే వేసుకుంటానంది. రోజూ చేసిన పనులన్నీ మరిచిపోయింది, మనుషుల్ని మరిచిపోయింది, భర్త ఏ యేడు పోయాడో మరిచిపోయింది. కౌన్సిల్ వాళ్ళకి ఏం చెప్పాలో మాత్రం అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

ఇమోజెన్ లేచి నిలబడింది. ఆ పిల్ల కళ్ళు తడిగా ఉన్నాయి, అది నేను ఒప్పుకోవాలి.

"ఆవిడ అన్న మాటే నేను రాయాలండీ," అంది గుమ్మం దగ్గర. "పై వాళ్ళకి మిగతావన్నీ కూడా చెబుతాను. నా శాయశక్తులా చెబుతాను."

ఆ పిల్ల అడుగుల చప్పుడు దూరమయ్యేదాకా అమ్మ చెవులు రిక్కించి కూచుంది. తర్వాత నా చేతిని పట్టి దగ్గరికి లాగింది.

"వెళ్ళిందా?"

"వెళ్ళిందమ్మా."

"నా దగ్గరా వీళ్ళ వేషాలు?" అంది. మొహం వెలిగిపోతోంది. "చూశావా, ఇంటి మీద ఈగ వాలనిచ్చానా? మీ నాన్న ఇల్లు. నేను బతికుండగా ఎవడూ ముట్టుకోలేడు. నువ్వే కంగారుపడి వాడి పేరు ఎత్తావు, మొద్దుమొహమా."

"అవునమ్మా," అన్నాను. "తప్పైపోయింది."

"పోనీలే. కాపాడుకున్నాం కదా."

కాపాడావమ్మా అన్నాను. ఇంకేమంటాను?

*

పై వాళ్ళు నిర్ణయించారు. మతి లేని మనిషి మాటలండీ అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. మతి ఉన్నప్పుడు పదిహేనేళ్ళు సంతకం పెట్టిన మాటా, మతి పోయాక చెప్పిన మాటా ఒక్కటే అన్నారు. అలాంటప్పుడు నమ్మకపోవడానికి కారణం లేదన్నారు. క్లిఫ్ మళ్ళీ వెళ్ళాడు. మీ ముసలాళ్ళంతా మంచివాళ్ళే, కానీ మీరు స్నేహితులు, మీ మాట సాక్ష్యంగా చెల్లదు అన్నారు.

ఇంకో దారి కూడా చూపించారు. ఇల్లు ఇప్పుడే అమ్మాల్సిన పని లేదట. హోం ఖర్చు ఇంటి మీద అప్పుగా రాసుకుంటూ పోయి, అమ్మ పోయాక ఇల్లు అమ్మి తీసుకుంటారట. అంతవరకూ రేమండ్ అందులో ఉండొచ్చట. రేమండ్ వద్దన్నాడు.

"అమ్మ బతికిన ప్రతి వారం ఇల్లు కొంచెం పోయిందని లెక్కపెట్టుకుంటూ ఆ మంచం మీద పడుకోమంటావా?" అన్నాడు. "నావల్ల కాదు. అమ్మేద్దాం."

అక్టోబరు ఆఖర్లో గుమ్మం ముందు అమ్మకం బోర్డు పాతారు. మా వీధిలో ఆడవాళ్ళు దాని పక్కనుంచి తల వంచుకుని నడిచేవారు, శవం లేచిన ఇంటి ముందు నడిచినట్టు. రేమండ్ రెండు సంచులూ, ఒక రేడియో పట్టుకుని నా వెనక గదిలోకి వచ్చాడు. తోట క్లబ్బు వాళ్ళకి ఇచ్చేశాడు. కొనడానికి వచ్చిన కుర్ర జంట అమ్మ వంటిల్లు చూసి గోడ కొట్టేస్తే బాగుంటుందనుకున్నారట. ఆ మాట నాకు చెప్పిన పక్కింటావిడ మీద రెండు రోజులు అలిగాను.

నవంబరులో ఒక ఆదివారం ఇద్దరం హోంకి వెళ్ళాం. ఇల్లు ఖాళీ చేశాక మొదటిసారి. చెప్పకూడదని దారిలోనే అనుకున్నాం. రేమండ్‌ని చూడగానే అమ్మ చేతులు చాపింది. వాడు కుర్చీ దగ్గరికి లాక్కుని కూచున్నాడు. అన్నం తింటున్నావా అంది. తింటున్నా అన్నాడు. ఇల్లు వెచ్చగా ఉందా, పొయ్యి వెలిగిస్తున్నావా అంది. వెలిగిస్తున్నా అన్నాడు. వాడు అబద్ధమాడటం నేను పుట్టాక అదే వినడం.

అంతలో వరండాలో బండి చక్రాల చప్పుడైంది. టీ తెచ్చే పిల్ల. అందరికీ ఉన్నట్టే ఆ పిల్లకీ మెడలో కార్డుంది. సగం తెరిచిన తలుపులోంచి అమ్మకి అది కనిపించింది. మొహంలో రంగు పోయింది.

"రేమండ్," అంది గుసగుసగా. "కౌన్సిల్ వాళ్ళు. పో, పోరా, తలుపు వెనక్కి పో."

"అమ్మా, టీ తెచ్చే పిల్లే—" అన్నాను.

"నువ్వు నోరు మూసుకో. రేమండ్, నిన్ను చూశారంటే ఇల్లు పోతుందిరా."

వాడు నా వంక చూశాడు. తర్వాత కుర్చీ చేతులు పట్టుకుని లేచాడు, నడుము నొప్పికి మొహం చిట్లించుకుని. వెళ్ళి తలుపు వెనక, గోడకి వీపు ఆనించి నిలబడ్డాడు.

పిల్ల టీ బండి తోసుకుంటూ లోపలికొచ్చింది. "ఏం విన్నీ, ఇవాళ నీకోసం ఎవరెవరొచ్చారు?"

"మా అమ్మాయొక్కతే," అంది అమ్మ, కార్డు వంకే చూస్తూ. "ఇంకెవరూ లేరు."

తలుపు కింద రేమండ్ బూట్లు కనిపిస్తున్నాయి. ఆ పిల్ల వాటిని చూసింది. నన్ను చూసింది. మూడు కప్పుల్లో టీ పోసి, బండి తోసుకుంటూ వెళ్ళిపోయింది.

రేమండ్ కదలబోయాడు. అమ్మ చెయ్యెత్తి ఆపింది. "ఉండు. వీధి దాటనీ," అంది.

వాడు తలుపు వెనకే ఉన్నాడు. టీ చల్లారిపోయేదాకా ఉన్నాడు.